గ్యారేజీలో పగడాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "ఉద్యోగం గురించీ అమెరికా గురించీ అందరూ చెబుతారు. మీరేదో గ్యారేజీలో పగడాలు పెంచుతున్నారటగా, అది చెప్పండి" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. మెకానికల్ ఇంజనీరుని కాబట్టి మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కనుక భయభక్తులతోనే చెబుతాను.

పగడం అనగానే మనకు కుజదోషం, ఉంగరం గుర్తొస్తాయి. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రం లాంటి చోట్ల మసక వెలుతురులో పెరిగే జాతి. నా దగ్గరున్నవి వేరు. ఉష్ణమండల సముద్రాల్లో, ఎండ బాగా దిగే లోతులేని నీళ్లలో దిబ్బలు కట్టేవి. చూడ్డానికి మొక్కలా, ముట్టుకుంటే రాయిలా ఉన్నా పగడం జంతువే. ఆవగింజంత, కందిగింజంత నోళ్లు వందలకొద్దీ కలిస్తే ఒక కాలనీ. నీటిలోని కాల్షియం తీసుకుని తమ కింద తామే సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. నాచు వెలుతురులో వండిపెడుతుంది, పగడం తింటుంది.

నీరు వేడెక్కితే ఈ కాపురం చెడుతుంది. ఆ చోట వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తన నాచును వెళ్లగొట్టేస్తుంది. కింద ఉన్న తెల్లటి సున్నం బయటపడుతుంది. దాన్నే బ్లీచింగ్ అంటారు. అప్పటికింకా చచ్చిపోయినట్టు కాదు, పస్తున్నట్టు. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది.

ఇలాంటి సున్నితమైన ప్రాణిని నేను అరిజోనా ఎడారిలో, ఫీనిక్స్ పక్కన, కార్ల కోసం కట్టిన గదిలో పెంచుతున్నాను. 2023లో జూన్ చివరి నుంచి జూలై చివరి దాకా ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. హాల్లో ఏసీ ఉంది కదా, గ్యారేజీ ఎందుకంటారా? మా ఆవిడ వద్దంది. ఆమె చెప్పిన కారణాలు ఇంజనీరు ఒప్పుకోవలసినవే. 450 లీటర్ల ఉప్పునీరు, రాళ్లు, మందపాటి గాజు, స్టాండు కలిపితే ముప్పావు టన్నుకు దగ్గర. పంపుల రొద, ఉప్పు తుంపర. గ్యారేజీ నేల కాంక్రీటు, ఒలికినా కడిగేయొచ్చు.

ఇక లెక్క. 450 లీటర్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,900 కిలోజౌళ్లు కావాలి. లైట్లు, పంపులు, గాజు గుండా వచ్చే గది వేడి కలిపి 500 వాట్లు లోపలికి వస్తే గంటకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. సాయంత్రానికి రసం కాగినట్టే. బయటికి పంపాల్సింది ఆ 500 వాట్లు. దానికి మొదటి సాధనం ఈ బడి వరండాలోనే ఉండేది. ఇసుక మీద పెట్టి తడిగుడ్డ చుట్టిన కుండ. ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు మా చేత ఆ కుండలోనూ పక్కనున్న ఇత్తడి బిందెలోనూ థర్మామీటరు పెట్టించి చూపించారు. గుప్తోష్ణం అనే మాట మాకు కష్టంగా ఉంది గానీ కుండ అర్థమైంది.

ఒక్క లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. అంటే తొట్టి మొత్తం ఒకటింపావు డిగ్రీ చల్లబడుతుంది. నీటి మీద గాలి కొట్టేలా నాలుగు చిన్న ఫ్యాన్లు పెట్టాను. రోజుకు 15 లీటర్లు ఆవిరవుతాయి. లెక్కేస్తే సగటున 400 వాట్ల పైచిలుకు చల్లదనం, ఫ్యాన్లకయ్యే కరెంటు మాత్రం రెండు బల్బులంత. ఒక్క జాగ్రత్త కావాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన నీటిని మంచినీటితోనే నింపాలి. ఉప్పునీరు పోస్తూ పోతే కొన్ని వారాల్లో అది ఉప్పుమడి అవుతుంది.

ఈ పద్ధతి ఎడారిలో నడుస్తుంది, విశాఖపట్నంలో నడవదు. 43 డిగ్రీల ఎండలో గాలి తేమ 10 శాతం ఉంటే, ఆవిరి ద్వారా నీటిని 20 డిగ్రీల దాకా దించవచ్చు. 35 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతముంటే 30 దగ్గర ఆగిపోతుంది. ముసురు పట్టినప్పుడు మన కుండ కూడా చల్లబడదు, గుర్తుందా? మాకూ జూలై, ఆగస్టుల్లో ఒక చిన్న వర్షాకాలం వస్తుంది. 40 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దు 25. నాకు కావలసింది 26. ఒక్క డిగ్రీ తేడాతో ఫ్యాన్లు పెద్దగా ఏమీ లాగలేవు. అందుకని చిల్లర్ తప్పదు. చాలామంది దాన్ని గ్యారేజీలోనే పెడతారు. నీటిలోంచి లాగిన వేడిని అది అదే గదిలోకి ఊదుతుంది. ఫ్రిజ్ తలుపు తీసిపెట్టి గదిని చల్లబరచాలనుకోవడం లాంటిది. నాది గోడ అవతల ఉత్తరం వైపు నీడలో ఉంటుంది.

మిగతావి చిన్న పనులు. రేకు తలుపుకి లోపల థర్మోకోల్ పలకలు అతికించాను. వేడి ఇంజనుతో వచ్చిన కారు గదిలో పొయ్యి లాంటిది కనుక కార్లు బయట ఎండలో ఉంటాయి. దీని మీద ఇంట్లో అసమ్మతి ఉంది. లైట్ల వేడి పగటి వేడికి తోడు కాకుండా వాటిని రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము దాకా వేస్తాను. నా పగడాలకు రాత్రే పగలు. లెక్క చూస్తే అవి మన ఊరి టైము ప్రకారమే బతుకుతున్నాయి.

2023 జూలైలో ఒక సాయంత్రం దుమ్ము తుపాను వచ్చి కరెంటు పోయింది. అక్కడ కరెంటు పోదని మీరనుకుంటారు, పోతుంది. గ్యారేజీలో 42 డిగ్రీలు. అప్పుడు మొదటి ప్రమాదం వేడి కాదు, ఊపిరి. పంపులు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, నీరు వేడెక్కేకొద్దీ అది పట్టుకోగలిగేది కూడా తగ్గుతుంది. బ్యాటరీ గాలి పంపులు రెండు పెట్టాం. ఆ తర్వాత ఫ్రీజర్లో ఎప్పుడూ గడ్డకట్టి ఉంచే రెండు లీటర్ల సీసాలు. ఒక సీసా కరిగి 26 డిగ్రీలకు వచ్చేసరికి తొట్టిని సుమారు అర డిగ్రీ దించుతుంది. ఆ గదిలో తొట్టి గంటకు దాదాపు అర డిగ్రీ పెరుగుతోంది. గంటకో సీసా. మా అమ్మాయి టార్చిలైటు పట్టుకుని పావుగంటకోసారి అట్టముక్క మీద అంకెలు రాసింది. ఆ తొట్టిలో తొమ్మిదేళ్ల కిందట ఊరు మారిపోతూ ఒక స్నేహితుడు ఇచ్చిన ముక్క ఉంది. అప్పుడు బొటనవేలి గోరంత, ఇప్పుడు అన్నం పళ్లెమంత. అమ్మాయి కళ్లన్నీ దాని మీదే. కరెంటు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఎనిమిది సీసాల్లో ఒకటి మిగిలింది. నీరు 26.8. ఆ పళ్లెం రెండు రోజులు నోళ్లు ముడుచుకుని, మూడో రోజు విచ్చుకుంది.

అదే నెల 24న దక్షిణ ఫ్లోరిడాలో మనాటీ బే అనే లోతులేని ఖాతంలో నీటి వేడి 38.4 డిగ్రీలు నమోదైంది. అది జ్వరం వచ్చిన మనిషి ఒంటి వేడి. దిబ్బలను మళ్లీ నిలబెట్టడానికి సముద్రంలో నారుమళ్లలా పెంచుతున్న పగడాలను శాస్త్రవేత్తలు వేల సంఖ్యలో పైకి తీసి, ఒడ్డునున్న తొట్లలోకి తరలించారు. సముద్రం కంటే తొట్టి క్షేమమైన రోజది. ఆ వార్త చదివాక మా అమ్మాయి, "వాళ్లకు ఎన్ని సీసాలు కావాలి నాన్నా?" అని అడిగింది. నేను ఆ లెక్క వెయ్యలేదు. 2024 ఏప్రిల్లో, ప్రపంచమంతటా నాలుగోసారి సామూహిక బ్లీచింగ్ జరుగుతోందని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. 1998లో మన లక్షద్వీప్, అండమాన్ దిబ్బలు కూడా ఇలాగే తెల్లబడ్డాయి.

ఇది విని ఇక్కడి కుర్రవాళ్లు రేపే తొట్టి కొనకండి. మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. ఇంట్లో పెట్టుకోవడం నేరం. చూడాలనుంటే మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, అండమాన్‌కో వెళ్లండి. మన తీరంలో దిబ్బలు లేకపోవడానికి గోదావరి, కృష్ణలే కారణం. ఆ ఒండ్రు, ఆ మంచినీరు మనకు వరి ఇచ్చాయి గానీ పగడానికి పడవు. తొట్టి కట్టాలన్న సరదా ఉంటే మంచినీటి చేపలతో మొదలుపెట్టండి. ఫ్యాన్ల లెక్క నేను చెబుతాను, మీ ఊరి తేమ ఎంతో చెబితే చాలు.

నేను ఇక్కడున్న మూడు వారాలూ మా అమ్మాయే చూసుకుంటోంది. జనవరి కనుక అక్కడ చలి, ఇప్పుడు పని హీటరుది. ఇందాక భోజనాల దగ్గర ఫోనులో చూశాను, 25.8 ఉంది. అక్కడ అర్ధరాత్రి దాటింది. వాటికి మాత్రం మనలాగే మధ్యాహ్నం.