నూనె మోయు బరువు

గుడివాడ ప్రాంతమున చేపల చెరువులు త్రవ్వుచోట పొక్లెయిన్ పనిచేయుట చూడనివారు అరుదు. దానిపై కూర్చున్న యువకుడు రెండు పిడులను వ్రేళ్లతో అటునిటు కదల్చును. ఇనుపచేయి వంగి, తడిసిన నల్లమట్టిని బండెడేసి పెల్లగించి గట్టుమీద పోయును. 1852 మొదలు 1855 వరకు బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిన నాడు ఇట్టి చేయి లేదు. పలుగు, పార, తట్ట, వాని వెనుక కూలీల వెన్నెముకలు, అంతే.

ఆ యువకుని వ్రేళ్లలో అంత సత్తువ యెక్కడిది? వ్రేళ్లలో లేదు. బలమిచ్చునది డీజిలు ఇంజను; దానిని మోసికొనిపోవునది గొట్టములలోని నూనె.

ఈ మర్మమును తేటపరచినవాడు ఫ్రాన్సు దేశీయుడైన బ్లెయిజ్ పాస్కల్. 1623లో పుట్టి 39 యేండ్లే బ్రతికెను. ద్రవములనుగూర్చి అతడు వ్రాసిన గ్రంథము అతడు గతించిన మరుసటి యేడు, 1663లో, అచ్చయ్యెను. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో, ఆ యొత్తిడి తరుగక అన్నివైపులకు ప్రాకును. గాలిని నొక్కిన కుంచించుకొనును. నీరు, నూనె దాదాపు కుంచించుకొనవు.

సన్నని గొట్టమొకటి, లావు గొట్టమొకటి అడుగున కలిసియున్నవనుకొనుడు. సన్నదాని బిరడా వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు, లావుదానిది 100. సన్నబిరడాపై 10 కిలోల బరువుంచినచో లావుబిరడా 1000 కిలోలను మోయును. జమాఖర్చులు తెలిసినవాడు ఇచట కలము ఆపును: తక్కిన 990 కిలోలు ఎచటినుండి జమయైనవి? ఖర్చు వేరొక పద్దులో నున్నది. సన్నబిరడా 100 సెంటీమీటర్లు దిగినగాని లావుబిరడా 1 సెంటీమీటరు లేవదు. బలము పెరిగినంత దూరము తరిగినది. లారీ క్రింద జాకీ పెట్టినవాడు పిడిని అన్నిమార్లు కొట్టుట యిందులకే. పోతన భాగవతమున బాలకృష్ణుడు ఒక్క కేల గోవర్ధనమెత్తెను. అది లీల, దానికి లెక్క యడుగరాదు. 1795లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన ద్రవయంత్రము మొదలు నేటి పొక్లెయిన్ వరకు అన్నియు లెక్కకు లోబడినవే.

ఇక పల్లెలలో ప్రాణముల మీదికి వచ్చు సంగతి. ఎత్తినిలిపిన ట్రాక్టరు ట్రక్కు ఇనుముపై నిలిచినట్లు కన్పట్టును గాని, నిలిచినది నూనెపై. గొట్టము చిట్లినచో ఒత్తిడి ఒక్కసారిగా పోవును, ట్రక్కు కూలును. దిట్టమైన ఊతకోల పెట్టక దాని క్రింద దూరరాదు. జీపుల, కార్ల బ్రేకు నూనెలో గాలిబుడగ చేరినను ముప్పే. తొక్కిన బలము గాలిని కుదించుటకే చెల్లిపోయి చక్రమునకు చాలదు. దివిసీమలో కాలువగట్ల వెంబడి బండి నడుపువారు, బ్రేకు మెత్తగా దిగుచున్నదని తోచిన దినముననే బండి నాపి చూపించవలెను.

అన్నిటికంటె మోసకారి సూదిబెజ్జమంత కారుడు. పొక్లెయిన్ గొట్టములలో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 300 కిలోలకు చేరును. ఎచట కారుచున్నదో చూడ వట్టిచేత తడుముట కూడదు. ఇంజను ఆపి, ఒత్తిడి దింపి, అట్టముక్కతో చూడవలెను. ఆ నూనె తీగవలె వెడలి చర్మమును చీల్చి లోనికి పోవును. పైకి చీమకుట్టినంత గుర్తే; నొప్పియు మొదట స్వల్పమే. దానికి పసుపద్ది ఇంట కూర్చుండక, ఆ గడియలోనే బందరుకో, విజయవాడకో శస్త్రవైద్యుని యొద్దకు పోయి, నూనె చేతిలోనికి దూరినదని స్పష్టముగా చెప్పవలెను. వ్రేలు నిలుచుటయు పోవుటయు ఆ కొన్ని గంటలలోనే తేలును.