వేడిచాప, దాని కంట్రోలరు

మన ఉద్దానమున నొప్పులకు కాపడము పెట్టుట క్రొత్త కాదు. ఇటుకను కాచి గుడ్డలో చుట్టియో, ఉప్పుమూటను పెనముపై వెచ్చజేసియో మన తల్లులు మోకాళ్లకు కాపడము పెట్టెడివారు. మూటను మొదట తమ ముంజేతికి తాకించి చూచుకొని, పిమ్మట నొప్పియున్నచోట ఉంచెడివారు. ఇప్పుడు కరెంటుతో వేడెక్కు చాపలు వచ్చినవి. ఆ ముంజేయి చేయు పని ఒక చిన్న పెట్టెకు అప్పగింపబడినది. దానినే కంట్రోలరు అందురు.

మూలపేటలో మా మేనమామగారు మధుమేహరోగి. మోకాళ్లనొప్పికని, దూరప్రాంతమున పనిచేయు కుమారుడు అట్టి చాప నొకదానిని తెచ్చి ఇచ్చెను. ఆయన ఒక చలిరాత్రి అంకెను 50 మీద నుంచి, దానిపైననే నిద్రపోయిరి. తెల్లవారుసరికి మడమకు రూపాయి బిళ్లంత బొబ్బ. "మంటే తెలియలేదురా!" అనిరి. ఎట్లు తెలియును? మధుమేహము ముదిరినవారికి పాదములలో స్పర్శ తగ్గును. ఆ పుండు మానుటకు రెండు నెలలు పట్టినది. కంట్రోలరునందు లోపమేమియు లేదు. చెప్పిన పని చెప్పినట్లే చేసినది.

చాపలోపల తీగెలతోపాటు వేడిని కనిపెట్టు చిన్న పూసవంటి సాధన మొకటి యుండును. పెట్టిన అంకెకు వేడి చేరగానే కంట్రోలరు కరెంటును ఆపును. చల్లబడగానే మరల విడుచును. కావున నడుమనడుమ దీపము ఆరి వెలుగుట చూచి చెడిపోయినదని బెదరనక్కరలేదు. కాని ఆ అంకె పూస యున్నచోటి వేడిని చెప్పునేగాని మీ మడమక్రింది వేడిని చెప్పదు. ఒంటిబరువు ఆనినచోట, దుప్పటి కప్పినచోట వేడి వెలికి పోలేక హెచ్చును.

1947లో మారిట్జ్, హెన్రిక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పిన దేమనగా, 44 డిగ్రీల వేడియైనను సుమారు ఆరు గంటలు ఎడతెగక తాకినచో చర్మము కాలును. ఆపైన ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది ఆ కాలము రమారమి సగమగును. కొన్ని చాపల అంకెలు 70 వరకు పోవును! నామట్టుకు 40 దాటనీయను, అరగంటకు గడియారము పెట్టుదును, దానిపై నిద్రింపను. స్పర్శ తగ్గినవారి విషయమున ఇంటిలో మరియొకరు తమ ముంజేతితో చాపను చూడవలెను.

మూత్రపిండముల వ్యాధి మన ప్రాంతమున ఎన్ని యిండ్లను పట్టినదో మీకు తెలియును. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రి తెరువవలసినంతటి వ్యాధి యిది. నొప్పిమాత్రలు ఆ అవయవములకు చెరుపు గనుక, డాక్టరు నడుగక వానిని మింగుటకంటె మితమైన కాపడము మేలు. అయితే డయాలిసిస్ చేయించుకొనువారు సూదులు గ్రుచ్చు చేతిని చాపపై నుంచరాదు. చాపతో వచ్చు పుస్తకములలో "మీదట నీరు సమృద్ధిగా త్రాగుడు" అని యుండవచ్చును. నీటికి కొలత పెట్టబడినవారు ఆ మాట వినక డాక్టరు చెప్పిన కొలతనే పాటింపవలెను.

ఇక సంరక్షణ. మనది సముద్రతీరము, ఉప్పుగాలికి ప్లగ్గు పుల్లలు చిలుము పట్టును. పట్టు వదులైనచోట నిప్పురవ్వలు పుట్టును. కరెంటు తీసివేసి, పొడిగుడ్డతో పుల్లలను తుడువుడు, నల్లబడినచో మార్పింపుడు. కంట్రోలరును దిండుక్రింద పెట్టకుడు; దానికిని గాలి కావలెను. చాపను మడత పెట్టక, వదులుగా చుట్టి ఎలుకలకు అందనిచోట నుంచుడు. 2018 అక్టోబరున తిత్లీ తుపాను పోయిన పిమ్మట మన యూళ్లు ఎన్ని దినములు చీకటిలో నున్నవో మరువలేము. కరెంటు పోయినప్పుడే ప్లగ్గు ఊడదీయుడు. మరల వచ్చిన కొంతసేపటికి, దీపములు నిలకడగా వెలుగుట చూచి పెట్టుడు.

కంట్రోలరు నిజముగా చెడినచో ప్రక్కింటివారి దానిని తెచ్చి తగిలింపరాదు. ముడి సరిపోయినను పూసల లెక్క వేరు కావచ్చును. అప్పుడు అది 40 అని చూపుచునే అంతకు మించి కాచును. అదే రకపు చాపకు చేసినదానిని తెప్పించుకొనుడు. అంతవరకు ఇటుక యున్నది, ఉప్పుమూట యున్నది.