సిమెంటులో బొగ్గు
(మహాసభల ఇంజనీర్ల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి ఊళ్ళో ఒక ఇల్లు కట్టుకోవాలని కోరిక. కొందరు కట్టారు, మరికొందరు ఫోనులో మేస్త్రీతో మాట్లాడుతూ కట్టిస్తున్నారు. ఆ ఇంటికి వాడే సిమెంటులో బొగ్గు కలపడం గురించి ఈరోజు నాలుగు మాటలు చెబుతాను. ఇదేం విడ్డూరం అనుకోకండి.

సిమెంటు కోసం సున్నపురాయిని మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి రాయిలోని బొగ్గుపులుసు వాయువు విడిపోయి గాలిలో కలుస్తుంది. ఇంధనం నుంచి వచ్చేది దానికి అదనం. మనిషి చేతల వల్ల ప్రపంచంలో వెలువడే ఈ వాయువులో 7, 8 శాతం సిమెంటుదే. సిమెంటు ఉత్పత్తిలో చైనా తర్వాత స్థానం భారతదేశానిది. పల్నాడు, కడప, నల్గొండ సున్నపురాయికి ఇందులో పెద్ద వాటా ఉంది.

ఇక బొగ్గు సంగతి. ఊక, పత్తి కట్టె, కొబ్బరి చిప్పలు, రంపపు పొట్టు వంటివాటిని గాలి ఆడనివ్వకుండా 300 నుంచి 700 డిగ్రీల వేడిలో మగ్గబెడితే మిగిలేదే బయోచార్. మన బొగ్గు బట్టీ సూత్రమే ఇది. మొక్క గాలిలోంచి తీసుకున్న కర్బనం పొలంలో తగలబెడితే తిరిగి గాలిలోకే పోతుంది. బొగ్గుగా మారిస్తే అందులో కొంత భాగం వందల ఏళ్ళు నిలిచి ఉంటుంది.

ఈ బొగ్గు పొడిలోని సన్నని రంధ్రాలు నీటిని పీల్చుకుని, కాంక్రీటు గట్టిపడే కొద్దీ నెమ్మదిగా వదులుతాయి. అంటే లోపలి నుంచే క్యూరింగ్ జరుగుతుందన్నమాట. సిమెంటు బరువులో 1, 2 శాతం కలిపినప్పుడు బలం తగ్గకపోవడం, కొన్నిసార్లు పెరగడం ప్రయోగశాలల్లో కనిపించింది. మోతాదు మించితే మాత్రం మాలు బిగుసుకుపోతుంది, బలం పడిపోతుంది.

2023లో ఆస్ట్రేలియాలోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వారు వాడేసిన కాఫీపొడిని 350 డిగ్రీల దగ్గర బొగ్గు చేసి, ఇసుకలో 15 శాతం బదులు వాడితే బలం సుమారు 30 శాతం పెరిగింది. అదే ఏడాది అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు, కాంక్రీటు కడిగిన నీటితో శుద్ధి చేసిన బయోచార్‌ను 30 శాతం దాకా కలిపి, మామూలు కాంక్రీటుకు దీటైన బలం సాధించారు.

అయితే లెక్క కూడా చూద్దాం. 50 కిలోల మామూలు సిమెంటు బస్తా వెనుక సుమారు 40 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అందులో ఒక కిలో సిమెంటు తీసి, 70 శాతం కర్బనం ఉన్న కిలో బొగ్గు వేస్తే, బొగ్గు దాచేది రెండున్నర కిలోలు, సిమెంటు తగ్గినందుకు మిగిలేది మరో ముప్పావు కిలో. వెరసి మూడు కిలోల పైచిలుకు. నలభైలో మూడు! ఇది మహత్యం కాదు. అలాగని తీసిపారేసేదీ కాదు.

ఇంకొక హెచ్చరిక. ఊక బూడిద వేరు, ఊక బొగ్గు వేరు. 2000 నాటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456లో ఊక బూడిద పేరు ఉంది, బయోచార్ పేరు లేదు. కాబట్టి ఈ ప్రసంగం విని, రేపే మేస్త్రీకి ఫోను చేసి శ్లాబులో బొగ్గు కలపమని చెప్పకండి. స్తంభాలు, శ్లాబులు మన పిల్లల తలల మీద ఉండేవి. ప్రయోగం అక్కడ వద్దు. నడకదారి పలకలు, పేవర్ బ్లాకులు, ప్రహరీ గోడ ఇటుకలు ఉన్నాయి. అవి విరిగితే మార్చుకోవచ్చు.

ఇక్కడున్న ఇంజనీర్లకు ఒక విన్నపం. మీరు చదివిన కాలేజీలో కాంక్రీటు దిమ్మెలను పరీక్షించే యంత్రం ఉంటుంది. మీ ఊళ్ళో రైసు మిల్లు ఉంటుంది. ఆ రెంటినీ కలపండి. ఇద్దరు విద్యార్థులకు ఒక ఏడాది ప్రాజెక్టు ఖర్చు భరించండి. 7 రోజులకు, 28 రోజులకు, ఏడాదికి బలం ఎంతో రాయించండి. పొలంలో పొగయ్యేది గోడలో నిలబడితే రైతుకు నాలుగు రూపాయలు, మనకు మంచి గాలి.