ఇస్తాంబుల్‌లో ఆఖరి పది రోజులు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు సెక్రటరీ గారు ఒకే మాట అన్నారు: "అమ్మా, నీ ప్రయాణానికి మనవాళ్ళు ఇచ్చిన డబ్బు ఏమైందో వాళ్ళకే చెప్పు." కాబట్టి ముందు లెక్క చెబుతాను. నేను ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని. గత వేసవిలో ఎనిమిది వారాలు ఇస్తాంబుల్‌లో తుర్కీ భాష నేర్చుకోవడానికి సీటు వచ్చింది. ఫీజు, బస వాళ్ళే చూసుకున్నారు. విమానం ఖర్చు మనది. అందులో సగం ఈ సొసైటీ ఇచ్చింది. మిగతా సగం నాన్న మిషను మీద కుట్టిన బట్టల్లోంచి, మా మేనత్త చీటీ పాట డబ్బుల్లోంచి వచ్చింది. ఆ డబ్బుతో ఒక భాష నేర్చుకున్నాను. పరీక్ష పాసయ్యాను. పాత దస్తావేజులు చదివేంత కాదు గానీ, దారి అడిగి ఇల్లు చేరేంత, వంటావిడతో నవ్వుతూ మాట్లాడేంత వచ్చింది. లెక్క ఇంతే.

అయితే అక్కడ మొదటి ఏడు వారాల్లో చదివింది ఒకటి, ఆఖరి పది రోజుల్లో చూసింది ఒకటి. మీలాంటి దాతల ముందు చెప్పవలసింది ఆ రెండోది.

పరీక్ష అయ్యాక క్లాసులు సగం పూటే ఉండేవి. మా టీచరమ్మ, అక్కడ హోజా అంటారు, రోజూ మధ్యాహ్నం మమ్మల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళేవారు. "ఇన్నాళ్ళూ మాటలు నేర్చుకున్నారు, ఇప్పుడు ఆ మాటలు ఎక్కడ బతుకుతున్నాయో చూడండి" అనేవారు. మొదట తీసుకెళ్ళింది సులైమానియే మసీదుకు. 1550లో మొదలుపెట్టి 1557లో పూర్తి చేశారు. కట్టినవాడు మిమార్ సినాన్. అందరూ గుమ్మటం చూసి ఫోటోలు తీసుకుంటారు. హోజా మమ్మల్ని చుట్టూ తిప్పారు. మసీదు చుట్టూ మదరసాలు, ఆసుపత్రి, హమాం, ఇమారెత్ అనే వంటశాల, బాటసారులు దిగడానికి గదులు. ఒక మసీదు కాదది, ఒక పేట. ఆ పేట నడవడానికి దుకాణాల అద్దెలు, ఊళ్ళ శిస్తులు వక్ఫ్ చేశారు. ఏ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో దస్తావేజులో రాసిపెట్టారు.

ఆ దస్తావేజుల గురించి క్లాసులో విన్న ఒక సంగతి నన్ను అక్కడే ఆపేసింది. సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రెం సుల్తాన్ 1550ల మొదట్లో జెరూసలేంలో ఒక ఇమారెత్ పెట్టించారు. అక్కడ పేదలకు ఏం వండాలో ఆమె దస్తావేజులోనే ఉంది. పొద్దున బియ్యంతో సూపు, సాయంత్రం గోధుమ రవ్వతో సూపు, తోడుగా రొట్టె. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. కానీ జుమా రాత్రులకు, పండుగలకు మాంసంతో అన్నం, దాంతోపాటు జెర్దే వండాలని కూడా రాయించారు. జెర్దే అంటే కుంకుమపువ్వు వేసి చేసే తీపి అన్నం. మన పెళ్ళిళ్ళలో ఆఖర్న వడ్డించే జర్దాకు అదే పేరు. పేదవాడికి కడుపు నిండితే చాలదా అని ఆమె అనుకోలేదు. వాడికీ పండుగ ఉంటుంది, వాడి పిల్లలూ తీపి కోసం చూస్తారు అని తలచి, దాన్ని కూడా హక్కుగా రాసిపెట్టారు. ఆ వంటశాలలో ఈనాటికీ పొయ్యి వెలుగుతోంది.

మరో రోజు పడవ ఎక్కి ఎమినోను నుంచి ఉస్కుదార్ వెళ్ళాం. ఇరవై నిమిషాల్లో యూరప్ దాటి ఆసియాలో దిగుతాం. పడవలో చిన్న గాజు గ్లాసులో టీ, నువ్వులు అద్దిన సిమిత్ రొట్టె. ఉస్కుదార్‌లో హోజా మమ్మల్ని ఒక రాతి స్తంభం దగ్గర నిలబెట్టారు. పెద్ద అందమేమీ లేదు. మనిషెత్తుకు అటూ ఇటూగా ఉంది, తలమీద చిన్న గుంట. దాన్ని సదకా తాషి అంటారు, సదఖా రాయి అన్నమాట. పాత రోజుల్లో ఉన్నవాడు వచ్చి ఆ గుంటలో చేయి పెట్టి నాలుగు నాణేలు వదిలి వెళ్ళేవాడు. లేనివాడు వచ్చి చేయి పెట్టి తనకు ఆ పూటకు కావలసింది తీసుకుని, మిగతాది వదిలి వెళ్ళేవాడని అక్కడ చెబుతారు. ఇద్దరూ ఒకే రకంగా చేయి పైకెత్తి గుంటలో పెడతారు. దూరం నుంచి చూసేవాడికి పెట్టినవాడెవడో తీసినవాడెవడో తెలియదు. ఇచ్చిన చేయికి తీసుకున్న ముఖం తెలియదు.

ఇది పాత కథేమో అనుకుంటే, మా హాస్టల్ వీధి చివర రొట్టెల దుకాణంలో కొత్త కథ నడుస్తోంది. అస్కిదా ఎక్మెక్ అంటారు, కొక్కేనికి వేలాడే రొట్టె అని అర్థం. ఒకామె వచ్చి రెండు రొట్టెలకు డబ్బిచ్చి, ఒకటే తీసుకుని, "రెండోది కొక్కేనికి" అంటుంది. కాసేపటికి ఇంకొకాయన వచ్చి, "కొక్కేనికి రొట్టె ఉందా?" అని అడుగుతాడు. దుకాణంవాడు కాగితంలో చుట్టి ఇస్తాడు. నీ పేరేమిటి, ఏ పేట, నీ కొడుకులేం చేస్తున్నారు, ఇవేవీ అడగడు. డబ్బిచ్చి కొన్నవాడికి ఎలా చుట్టాడో వీడికీ అలాగే చుట్టాడు. నేను ఆ దుకాణం ముందు చాలాసేపు నిలబడి చూశాను.

ఎందుకు నిలబడ్డానో చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సంస్థవాళ్ళు మా బడి పిల్లలకు నోటు పుస్తకాలు, యూనిఫారం ఇచ్చారు. మంచివాళ్ళే, మంచి పనే. కానీ స్టేజీ మీద వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ, తండ్రి చేసే పనీ మైకులో చదివారు. పుస్తకాల కట్టకు ఒక చివర ఆయన చేయి, ఇంకో చివర నా చేయి. కెమెరా అతను "ఇటు చూడు పాపా, నవ్వు" అన్నాడు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. నాన్న ఆ పేపరు మడిచి మిషను సొరుగులో పెట్టేశారు, ఎవరికీ చూపించలేదు. బడిలో ఒక అమ్మాయి నా యూనిఫారం చూసి "ఫోటో బట్టలు" అంది. ఆ పుస్తకాల్లో నేను బాగానే చదువుకున్నాను. ఆ సాయం నిజం, ఆ మాట కూడా నిజం.

ఇక రెండు మాటల సంగతి. తుర్కీలో మన మాటలు చాలా కనిపిస్తాయి. కితాప్, కలెం, హెసాప్, మహల్లె. విని మురిసిపోతాం. కానీ కొన్ని మాటలు మన దగ్గర ఒక అర్థంతో, అక్కడ ఇంకో అర్థంతో ఉంటాయి. మనకు ముసాఫిర్ అంటే ప్రయాణికుడు. వాళ్ళకు మిసాఫిర్ అంటే అతిథి. దారిన పోయేవాడు గుమ్మం దాకా వస్తే చాలు, అతిథి అయిపోయాడు. రెండోది గరీబు. మనకు గరీబు అంటే డబ్బు లేనివాడు. అరబీలో ఆ మాటకు పరాయి ఊరివాడు అని అర్థం. తుర్కీలో గరిప్ అంటే ఎవరూ లేక ఒంటరైనవాడు. సుల్తాన్ అబ్దుల్ మజీద్ తల్లి బెజ్మి ఆలెం వాలిదే సుల్తాన్ 1845లో ఇస్తాంబుల్‌లో ఒక ఆసుపత్రి తెరిచారు. దాని పేరులోనే గురెబా అని ఉంది, అంటే ఎవరూ లేనివాళ్ళు. ఆ ఆసుపత్రి ఇవాళ ఆమె పేరిట ఉన్న వక్ఫ్ విశ్వవిద్యాలయంలో భాగం. పేదరికాన్ని డబ్బు లేకపోవడంగా చూస్తే డబ్బు చేతిలో పెట్టి వచ్చేస్తాం. ఎవరూ లేకపోవడంగా చూస్తే పక్కన నిలబడతాం. ఎనిమిది వారాల భాషలో నాకు దక్కిన పెద్ద పాఠం ఇదేనేమో.

"మా ఊరివాళ్ళు ఎవరైనా మీ వైపు తెలుసా?" అని హోజా అడిగారు. తెలుసన్నాను. ఆఖరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ 1914లో ఇస్తాంబుల్‌లోనే పుట్టారు. 1924లో ఖిలాఫత్ రద్దయ్యాక ఆ కుటుంబం దేశం విడిచింది. 1931లో ఏడో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాతో ఆమె పెళ్ళి అయింది. హైదరాబాదు పురానీ హవేలీలో ఆమె పేరున ఆసుపత్రి ఉంది, పిల్లలకు వైద్యం చేస్తారు అని చెప్పాను. హోజాకు కళ్ళు చెమర్చాయి. నాకు మాత్రం ఇంకో సంగతి తోచింది. ఆ గోడ మీద ఆమె పేరుంది. అక్కడ నయమై ఇంటికి వెళ్ళిన పిల్లల పేర్లు ఏ గోడ మీదా లేవు. ఉండవలసింది కూడా అలాగే.

ఇంత దూరం నుంచి ఇదంతా ఎందుకు మోసుకొచ్చానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఈ ఏడు మన సొసైటీ ఇచ్చే స్కాలర్‌షిప్పులు పిల్లలను స్టేజీ మీదకు పిలవకుండా ఇవ్వండి. ఇదే నా మనవి.

అభ్యంతరాలు నాకు తెలుసు. డబ్బు నిజంగా చేరిందని దాతకు ఎలా తెలుస్తుంది? ఫోటో చూసి తెలుస్తుందా? ఫోటోలో చెక్కు కనిపిస్తుంది, చదువు కనిపించదు. దాతకు కావలసింది లెక్క. ఎంతమందికి ఇచ్చాం, ఏ ఏ చదువులకు ఇచ్చాం, ఒక్కొక్కరికి ఎంత, ఎంతమంది పరీక్ష గట్టెక్కారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు, ఇవన్నీ ఇదే సావనీరులో ఒక పేజీలో అచ్చు వేయండి. పేర్లు, చిరునామాలు ఆఫీసు రిజిస్టరులో ఉంటాయి. అనుమానం ఉన్న దాత కార్యవర్గంలో ఇద్దరిని పెట్టుకుని వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. ఫోటో చూస్తే నలుగురికీ ఇవ్వాలనిపిస్తుంది కదా అని ఇంకొందరంటారు. నిజమే, అందుకు దాతల పేర్లు వేయండి, ఇష్టపడినవాళ్ళ ఫోటోలూ వేయండి. ఇవ్వడంలో సిగ్గుపడేది ఏమీ లేదు. తీసుకోవడంలో కూడా లేదు, కానీ తొమ్మిదో తరగతి పిల్లకు ఆ సంగతి మైకులో చెబితే తెలియదు.

మనం రాయి చెక్కించనక్కర్లేదు. ఇప్పుడు చాలామంది పిల్లలకు బ్యాంకు ఖాతా ఉంది. ఫీజు నేరుగా కాలేజీకి కట్టవచ్చు, మిగతాది ఖాతాలో వేయవచ్చు. చప్పుడు లేకుండా చేరుతుంది. మన కాలపు సదఖా రాయి అదే. మన రంజాన్ సరుకుల సంచుల మీద సొసైటీ పేరు పెద్దక్షరాలతో అచ్చు వేస్తున్నాం. ఆ సంచి మోసుకుని వీధంతా నడిచి వెళ్ళేది ఎవరో ఒక ముసలామె. ఉత్త సంచిలో ఇస్తే బియ్యం రుచి మారదు.

నేను ఇవాళ ఈ స్టేజీ ఎక్కాను కదా అంటారేమో. నా ఇష్టంతో ఎక్కాను. నా వయసు ఇరవై మూడు. ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో నేనే ఎంచుకున్నాను. ఆ ఎంపిక పిల్లలకు కూడా ఉండాలి. పెద్దయ్యాక వాళ్ళంతట వాళ్ళు వచ్చి "నాకు మీరు చదువు చెప్పించారు" అంటే, ఏ ఫోటోకీ రాని బరువు ఆ మాటకు ఉంటుంది.

చివరిగా వీడ్కోలు సంగతి. అక్కడ ఎవరైనా ఊరు విడిచి వెళుతుంటే "హక్కిని హెలాల్ ఎత్" అంటారు. నా మీద నీకున్న హక్కును హలాల్ చెయ్యి, వదిలెయ్యి అని. అవతలివాళ్ళు "హెలాల్ ఓల్సున్" అంటారు. మనవాళ్ళు హజ్‌కు వెళ్ళేముందు ఇంటింటికీ తిరిగి "కహా సునా మాఫ్" అని అడగడం లాంటిదే. బయలుదేరే ముందురోజు నేను హాస్టల్ వంటావిడ దగ్గరికి వెళ్ళి ఆ మాట అనబోయాను. ఎనిమిది వారాలు ఆమె చేతి అన్నం తిన్నాను కదా. నేను నోరు తెరిచేలోపు ఆమే నా చేతులు పట్టుకుని ముందుగా అడిగింది: "ఎప్పుడైనా తక్కువ పెట్టానేమో, విసుక్కున్నానేమో, హలాల్ చెయ్యి బిడ్డా." పెట్టిన చేయి తిన్నదాన్ని అడుగుతోంది.

మీ హక్కు మా మీద ఉంది. అది మేము చదువుతో, మా తర్వాతి పిల్లలను చదివించి తీరుస్తాం. మా హక్కు కూడా మీ మీద కొంచెం ఉంది. మా తల వంగకుండా ఇవ్వడమే ఆ హక్కు. రెండూ హలాల్ అయ్యేలా అల్లాహ్ మనందరికీ దారి చూపుగాక, మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్. అస్సలాము అలైకుమ్.