పడవ లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతిలో లెక్కల మాస్టారు ఏటికి ఎదురీదే పడవ లెక్క చెబుతుంటే, "మన ఊళ్ళో ఏరే లేదు, ఇది మనకెందుకండీ?" అని అడిగి బెంచీ ఎక్కాను. జవాబు టోక్యోలో ఉద్యోగానికి వెళ్ళాక దొరికింది.

ఢిల్లీ నుంచి టోక్యో సుమారు 5,900 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు విమానం ఏడు, ఏడున్నర గంటల్లో దింపేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు తొమ్మిది గంటలు దాటుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో జపాన్ మీద అది గంటకు 300 కిలోమీటర్లు దాటే రోజులుంటాయి. వాసబురో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త 1920లలోనే బెలూన్లు వదిలి ఈ గాలిని కొలిచారు. లోకమంతా చదవాలని 1926లో ఎస్పెరాంటో భాషలో అచ్చువేశారు. ఆ భాష చదివేవాళ్ళెందరు, పాపం!

ఒక జనవరిలో అమ్మకు బాగాలేదని కబురొచ్చి బయల్దేరాను. సీటు ముందున్న తెర మీద మిగిలిన దూరాన్ని వేగంతో భాగించుకుంటూ కూర్చున్నాను. ఎన్నిసార్లు చేసినా గంటలు తగ్గవే! ఢిల్లీలో దిగి మళ్ళీ హైదరాబాదు విమానం, ఆపైన బస్సు. ఇల్లు చేరేసరికి అమ్మకు మాట ఉంది. "ఇంతసేపేంట్రా?" అంది.

"ఎదురుగాలమ్మా," అన్నాను.

మాస్టారూ, తమరు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆ లెక్క ఇప్పుడు నాకు వచ్చండి.