గని మూసిన తరువాత
(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇళ్ళలో దీపం వెలుగుతోందంటే అందులో ఎక్కువ పాలు బొగ్గుదే. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ తరువాత గోదావరి లోయలో ఎన్నో గనులు తెరిచారు, కొన్నిటిని మూశారు. తెరిచేటప్పుడు అందరం చూస్తాం. మూసిన తరువాత ఆ నేల ఏమైందని అడిగేవారు తక్కువ. ఈవేళ ఆ సంగతే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఓపెన్‌కాస్టు గనిలో పైనున్న మట్టి, రాయి తోడి గుట్టలుగా పోస్తారు. లోతునుంచి వచ్చిన ఆ రాతిమట్టిలో సారం ఉండదు. అందుకే పాలమీద మీగడ తీసినట్టు ముందే పైమట్టిని వేరుగా తీసి దాచి, చివరకు గుట్టమీద పరచాలి. మీగడైనా ఎక్కువ రోజులుంచితే పాడవుతుంది కదా! ఆ మట్టీ అంతే. ఏళ్ళ తరబడి కుప్పగా ఉంటే సారం పోతుంది, కలుపు విత్తనాలు చేరతాయి.

గని మూసేందుకు ముందే ప్రణాళిక వేయాలనీ, డబ్బు ప్రత్యేక ఖాతాలో కట్టాలనీ కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ 2009లో నిబంధన పెట్టింది. ఓపెన్‌కాస్టుకు ఆనాటి ధరల్లో హెక్టారుకు 6 లక్షల రూపాయలు. తరువాత ఆ నిబంధనల్లో మార్పులు చేశారు. పని జరిగిందో లేదో చూశాకే డబ్బు తిరిగి ఇస్తారు. కనుక ఆ చూడటమన్నది సక్రమంగా జరగాలి.

ఉపగ్రహం తీసిన ఫొటోలతో ఎంతమేర పచ్చబడిందో లెక్క కడుతున్నారు. మంచిదే. కాని అంత ఎత్తునుంచి చూస్తే వేపమొక్కా పచ్చనే, వయ్యారిభామా పచ్చనే!

ఈ వయ్యారిభామ సామాన్యురాలు కాదు. ఒక్క మొక్కకే వేలకొద్దీ విత్తనాలు. తాకితే కొందరికి ఒళ్ళంతా దురద, దద్దుర్లు. గేదె తింటే పాలు చేదెక్కుతాయి. లారీ చక్రాలకు అంటుకునైనా వచ్చేస్తుంది. సర్కారు తుమ్మ వంటచెరకు ఇస్తుంది నిజమే గాని, గుబురుగా కమ్ముకుని పక్క మొక్కను బతకనివ్వదు. లాంటానా పొదను పైపైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది.

మరి ఎలా కనిపెట్టాలి? పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు పుల్లలు పాతి, తాడు కట్టి, మీటరు చదరం గుర్తించండి. గుట్ట పైన, వాలులో, అడుగున ఇలా కొన్ని చోట్ల చేయండి. నాటినవాటిలో బతికినవెన్ని, కలుపు ఎంత, బోడినేల ఎంత అని రాసుకోండి. వానకాలం, చలికాలం, ఎండాకాలం అవే చోట్లు చూడాలి. అప్పుడే నేల బాగుపడుతోందో, కలుపు పెరుగుతోందో తెలుస్తుంది.

వయ్యారిభామను పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. 1984లో బెంగుళూరులో మెక్సికో పెంకుపురుగును వదిలారు. అది ఆకు తింటుంది గాని, దానిమీదే భారం వేయరాదు. పీకినచోటు ఖాళీగా వదిలితే మళ్ళీ అదే వస్తుంది. అక్కడ గడ్డి విత్తనం చల్లాలి, మన బతుకమ్మలో పేర్చే తంగేడు పెంచాలి. తంగేడు దట్టంగా ఉన్నచోట వయ్యారిభామ అంతగా తలెత్తదు.

మడిలో ఏది పైరో, ఏది కలుపో చూడగానే చెప్పేది మన ఆడవాళ్ళే. గని చుట్టుపక్కల ఊళ్ళలో మేకలు కాసేవారూ, పుల్లలకు వెళ్ళేవారూ రోజూ ఆ గుట్టలు చూస్తూనే ఉంటారు. పరిశీలనకు అధికారులు వచ్చినప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళను కూడా వెంట నడిపించాలి, వాళ్ళ లెక్క కూడా కాగితం మీద ఎక్కాలి. గ్రామసభలో మీరే ఆ మాట అడగండి. రేపు మన పశువులు మేయవలసిన నేల అది.