ఎరుపులో కలిసిన సముద్రం



పట్టాలందుకుంటున్న పిల్లలూ, మీ ప్రదర్శన చూశాను. సూర్యలంక తీరాన్ని బొమ్మలుగా గీసి, వాటినుంచి చీరలు, కుర్తాలు రూపొందించారు. గీతలో పట్టుంది. అయితే అలలూ గవ్వలూ గుడ్డ పైనే ఆగిపోయాయి. సముద్రం నూలులోకి ఇంకిన బట్ట కూడా మన తీరంలోనే పుట్టింది. అదే కలంకారీ.

మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగింది ముఖ్యంగా బట్టల కోసమే. ఐరోపా ఈ అద్దకాలకు ఎంత ఎగబడిందంటే, ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండ్ 1721లో చట్టం చేసి వాటిని ఒంటిమీద వేసుకోనివ్వలేదు.

ఆ బట్టల ఎరుపు చిరివేరుది. పాత గుంటూరు జిల్లా కొసన ఉన్న నిజాంపట్నం ఇసుకనేలల్లో దొరికే వేరు మేలైనదని పేరు. కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఎరుపు కావలసిన చోట పటికనీళ్లు దిద్ది, వేరుతో కలిపి ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది. గీసేటప్పుడు చిత్రకారుడికి ఆ ఎరుపు కనబడదు, కాగులోనే బయటపడుతుంది. ఆ ధైర్యానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఆ ఎరుపు కాంతిగా నిలవాలంటే కాల్షియం కావాలి. తీరపు గుల్లల్లో ఉన్నది అదే. మీ పల్నాటి పిడుగురాళ్ల సున్నంలో ఉన్నదీ అదే! పల్నాడు సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నది. నీలిమందు తొట్టిలోనూ సున్నం వేస్తారు. నల్లరేగడి పత్తి మీ పొలాల్లోనే ఉంది. మీ తీరం కోసం సూర్యలంక దాకా వెళ్లక్కర్లేదు, మాచర్ల రాతిపొరలనే గీయండి. ఆ పొరల వరసే చీర అంచుకు నమూనా అవుతుంది.

చిరివేరులో ఎరుపునిచ్చేది అలిజరిన్. 1869లో కృత్రిమ అలిజరిన్ బజారుకెక్కే దారి పడ్డాక చిరివేరు గిరాకీ పడిపోయింది. మచిలీపట్నం పక్కనున్న పెడనలో కలంకారీ అచ్చుల పని మాత్రం ఇంకా నడుస్తోంది. మీలో ఇద్దరు ముగ్గురైనా ముందు పెడన వెళ్లి, అచ్చు పట్టే చేతుల పక్కన కూర్చోండి. తర్వాత నిజాంపట్నం రైతులతో మాట్లాడి, నాలుగు సెంట్లలోనైనా ఆ వేరు వేయించండి. వేరు ఊరడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి మొదటి చీరలు అలిజరిన్‌తోనే అద్దండి. తొలి తాను ఆరగానే నాకు కబురు చేయండి, వచ్చి చూస్తాను.